సైకిలు తొక్కితే ఆడపిల్లకు హానియా? బిల్లీ డోవీ చెప్పిన సమాధానం

నేను మహబూబాబాదులో వైద్యవృత్తిలో ఉన్న రోజుల్లో ఒక తల్లి కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. “సార్, పిల్ల పెద్దమనిషైంది. ఇంక సైకిల్ తొక్కనియ్యొచ్చునా? రేపు పిల్లలు కారంటున్నరు” అని అడిగారు. “ఎందుకమ్మా, మానిపించండి” అన్నాను. అది వైద్యశాస్త్రం కాదు, లోకానికి జడిసి చెప్పిన మాట. దానికి ప్రాయశ్చిత్తంగా ఈ చరిత్రను మీ ముందుంచుతున్నాను.

ఇట్టి భయం మన ప్రాంతానికే పరిమితం కాదు. 1890ల ఇంగ్లండులో సైకిలు తొక్కితే, ముఖ్యంగా స్త్రీలకు, ముఖం వికారమవుతుందని కొందరు వైద్యులే హెచ్చరించారు. ‘సైకిలు ముఖం’ అని దానికొక పేరు కూడా పెట్టారు. ఆధారం మాత్రం ఏమీ లేదు.

ఆ దేశంలోనే, లండనులో, 1914 ఏప్రిల్‌లో బిల్లీ జన్మించారు. ఆమె టైపిస్టుగా పనిచేసేవారు. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో సైకిలు నేర్చుకున్నారు. నేర్పిన ఫ్రెడ్డీ డోవీ తరువాత ఆమె భర్త అయ్యారు. స్త్రీల వ్యాయామం కోసం 1930లో అక్కడ ఏర్పడిన ఒక మహిళా సంఘం ఆశయాలు ఆమెను ఆకర్షించాయి. సైకిలు వల్ల ఆరోగ్యం కలుగుతుందని ఉపన్యాసాలలో చెప్పడం కంటె చేసి చూపడమే మేలని తలచారు. రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ సైకిలు ఇచ్చింది; క్యాడ్బరీ సంస్థ తోడ్పడింది.

1938 జనవరి 1న బయలుదేరారు. మూడు గేర్ల సైకిలు, సీటు వెనుక చిన్న సంచి, అంతే. ఎండైనా మంచైనా ప్రతిదినమూ తొక్కి, సాక్షుల సంతకాలతో కార్డులు పంపేవారు. సంవత్సరాంతానికి 29,603 మైళ్ళు, అనగా 47,600 కిలోమీటర్లకు పైగా పూర్తి చేశారు. సగటున దినానికి 130 కిలోమీటర్లు! మనం మహబూబాబాదు నుండి వరంగల్లు వెళ్ళి తిరిగి వచ్చేటంత దూరమని ఊహించుకోండి.

మరుసటి ఏట యుద్ధం వచ్చింది. అయినా 1940లో మూడు చక్రాల సైకిలుపై 25, 50, 100 మైళ్ళ రికార్డులు సాధించారు. స్త్రీలలో ఆమె వార్షిక రికార్డు 2016 వరకు చెక్కుచెదరలేదు. నూరేళ్ళు నిండిన మరుసటి నెల, 2014 మేలో, ఆమె కన్నుమూశారు. సైకిలు వల్లనే నూరేళ్ళు బ్రతికారని నేను చెప్పను. ఒక్కరి జీవితం శాస్త్రానికి రుజువు కాదు.

శాస్త్రం చెప్పేది వేరే ఉంది. గర్భాశయం కటి ఎముకల నడుమ భద్రంగా ఉంటుంది. సైకిలు తొక్కితే దానికి హాని లేదు. శరీర భారం సీటుపై పడుతుంది గనుక మోకాళ్ళపై ఒత్తిడి తక్కువ. తొడ కండరాలు పనిచేస్తే రక్తంలోని చక్కెర ఖర్చవుతుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దినానికి అరగంట చొప్పున ఐదు దినాలు తొక్కితే అది తీరుతుంది. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ముందు వైద్యుని సంప్రదించాలి.

చదువరులారా, మీ ఇంట పెద్దమనిషైన పిల్ల సైకిలు మూలన పడి ఉంటే, ఈరోజే గాలి కొట్టించి ఆమె చేతికివ్వండి. ఆనాడు నేను చెప్పవలసిన మాట అదే.