వై క్రోమోజోములో ఒక అధికారసూత్రం

మగపిల్లవాడు కలగలేదని ఇల్లాలిని ఆడిపోసుకోవడం మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. ఆ నిందకు ఆధారం లేదనడానికి తొలి సాక్ష్యం 1905లో ఒక స్త్రీయే చూపారు. అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాలలో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల కణాలను పరిశీలించి, ఆడపురుగులో 20 పెద్ద క్రోమోజోములు, మగపురుగులో 19 పెద్దవీ ఒక చిన్నదీ ఉన్నట్లు గుర్తించారు. భేదం తండ్రి బీజంలోనే ఉన్నదన్నమాట! మనుషులలో వై పాత్ర స్థిరపడడానికి 1959 దాకా ఆగవలసివచ్చింది.

మరి వైలో ఏ జన్యువు? 1987లో డేవిడ్ పేజ్ బృందం జడ్.ఎఫ్.వై. అని చూపింది. ఆ జన్యువు లేని ఎక్స్ ఎక్స్ పురుషులు కనబడడంతో 1989లో ఆ వాదం వీగిపోయింది. 1990లో లండనులో పీటర్ గుడ్‌ఫెలో, రాబిన్ లవెల్-బ్యాడ్జ్ బృందాలు ఎస్.ఆర్.వై.ని పట్టుకున్నాయి. మరుసటి ఏడు ఎలుకలోని ఆ జన్యువున్న సుమారు 14 వేల అక్షరాల డి.ఎన్.ఏ. ముక్కను ఎక్స్ ఎక్స్ పిండాలలో చేర్చగా కొన్ని మగవై పెరిగాయి. సంతానశక్తి మాత్రం లేదు.

వ్యాకరణం చదువుకున్న నాకు దాని పనితీరు అధికారసూత్రాన్ని తలపించింది. అధికారసూత్రం తానుగా ఏ రూపాన్నీ సాధించదు, తరువాతి సూత్రాలను నడిపిస్తుంది. ఎస్.ఆర్.వై. సైతం తానే వృషణాన్ని నిర్మించదు. దాని ప్రోటీను డి.ఎన్.ఏ.ను వంచి, సాక్స్9 అనే మరో జన్యువును మేల్కొలుపుతుంది. అయితే అధికారం ప్రకరణాంతం దాకా సాగుతుంది. ఎలుక పిండంలో ఎస్.ఆర్.వై. పలికేది సుమారు రెండు దినాలే. ఆపైన సాక్స్9 తన్ను తానే నిలుపుకుంటుంది. మనుషులలో ఆ సాక్స్9 ఉన్నది వై మీద కాదు, 17వ క్రోమోజోము మీద. ఆడపిల్లలోనూ ఉన్నదే.