మూసీ వరదయు గండిపేట నీరును

హైదరాబాదు నగరమున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముదుసలి చింతచెట్టు కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగినపుడు దాని కొమ్మలపై సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆనాడు అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి, పురానాపూల్ నిలిచినది. మృతులు 15,000 మంది వరకు ఉందురనియు, కూలిన యిండ్లు 19,000 అనియు అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలోనే పోగొట్టుకొనెను.

నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ తన భవనముల ద్వారములు తెరపించి నిరాశ్రయులకు చోటిచ్చెను. అన్నము పెట్టవచ్చును, నీడ నియ్యవచ్చును. త్రాగునీటి మాట వేరు. వరద తీసిన ఊరిలో బావి, మరుగుదొడ్డి, మురుగుగుంట అన్నియు ఏకమైయుండును. చుట్టును నీరే, దోసిలి పట్టుటకు గ్రుక్కెడు ఉండదు. వరద కథలు చెప్పువారు ఈ మరునాటి సంగతి తరచుగా మరతురు. మా మట్టుకు అదియే ముఖ్యమని తోచుచున్నది.

1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయనకు అప్పగింపబడిన పని వరద కారణము వెదకుట మాత్రమే గాదు, నగరపు మురుగు పారుదలకు పథకము సిద్ధపరచుట గూడ. నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమున 788 చెరువులున్నట్లును, వానిలో 221 తెగినట్లును ఆయన లెక్క తేల్చెను. చెరువులు గొలుసుకట్టుగా ఉండును గదా! పై చెరువు తెగినచో దాని నీరు క్రింది చెరువు కట్టపై బడును, అదియు తెగును. వాన నీటికి చెరువుల నీరు తోడైనది. తరతరములుగా పొలములను తడిపిన చెరువులే నగరముపై బడినవన్నమాట.

నదిపైనను, దాని ఉపనది ఈసీపైనను జలాశయములు కట్టి, వరదను పట్టియుంచి మెల్లగా వదలవలెనని ఆయన సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. మొదటిదానినే జనులు గండిపేట చెరువందురు. అంతకుముందు మీర్‌ఆలం, హుస్సేన్‌సాగరు చెరువులపై ఆధారపడిన నగరమునకు గండిపేట నీరు గొట్టముల ద్వారా వచ్చెను. ఆ నీరు త్రాగినవాడు ఈ ఊరు విడువలేడని నానుడి గూడ పుట్టినది.

ఇందొక చిక్కున్నది. వరదకై కట్టిన జలాశయము వానకాలమున వెలితిగా ఉండవలెను. త్రాగునీటికై కట్టినది నిండుగా ఉండవలెను. ఒకే చెరువు ఈ రెండు పనులును చేయవలసియున్నపుడు గేట్లు ఎప్పుడు ఎత్తవలెనో నిర్ణయించుట తేలికగాదు.

మురుగు పని మరింత మెల్లగా సాగినది. 1911లో నగరమున ప్లేగు చెలరేగినది. మరుసటి యేడు నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇరుకు పేటలను విడదీసి వీధులు వెడల్పు చేయ మొదలిడెను. నీరు తెచ్చుటకు ముందుకు వచ్చినంత త్వరగా, వాడిన నీటిని పంపుటకు ఏ ప్రభుత్వమును ముందుకు రాదు. జలాశయమునకు ప్రారంభోత్సవముండును, మురుగు గొట్టమునకు ఉండదు!

తరువాత నగరము మంజీర, కృష్ణ, గోదావరుల నీటిని గూడ తెప్పించుకొన్నది. జంట జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను నిషేధించుచు 1996లో వెలువడిన ఉత్తరువుపై వివాదములు చాలకాలము నడచినవి. 2022 జూలైలో ఆ జలాశయముల గేట్లు ఎత్తినపుడు, చాదర్‌ఘాట్ దరి మూసానగర్ వంటి పల్లపు బస్తీలవారు ఇండ్లు విడిచి ఎగువకు పోవలసివచ్చెను. 1908లో కొట్టుకొనిపోయిన చాదర్‌ఘాట్ వంతెన ఉండినది అచ్చటనే.