పవర్ స్టీరింగ్ పీకించుకునేవాళ్లు

కార్లో ఉన్న సౌకర్యాన్ని డబ్బిచ్చి మరీ పీకించుకునేవాళ్లు ఉన్నారంటే నమ్ముతారా? షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత అమెరికన్ కార్లు బాగుచేసే షెడ్డులో పనికి చేరిన కొత్తలో నాకూ వింతగానే ఉండేది. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ తెస్తారు. పవర్ స్టీరింగ్ తీసేసి మామూలు స్టీరింగ్ పెట్టమంటారు. ఈ వారం ఎపిసోడ్‌లో ఆ పని గురించే మాట్లాడాను. కానీ అసలు పవర్ స్టీరింగ్ ఎవరిని చూసి పుట్టింది, ముందు ఎవరి చేతికి చేరింది అన్నది చెప్పడానికి టైము సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

అది పుట్టింది లారీల దగ్గర. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు అమెరికాలో పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో చీఫ్ ఇంజినీరుగా చేసేవాడు. బరువైన లారీని తిప్పడానికి డ్రైవర్లు పడే పాట్లు దగ్గర్నుంచి చూసినవాడు. ఉద్యోగం వదిలేసి, మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, ఆయిల్ ప్రెషరుతో చక్రాలు తిప్పే పద్ధతి తయారుచేశాడు. 1920ల మధ్యలో దాన్ని ఒక పియర్స్ యారో కారుకి బిగించి డెట్రాయిట్ తీసుకెళ్లి కంపెనీలకు చూపించాడు. జనరల్ మోటార్స్ వాళ్లు ముందు ఉత్సాహంగానే అతన్ని చేర్చుకున్నారు. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. అంత ఖర్చు పెడితే తిరిగిరాదని 1934లో పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత దానికి గిరాకీ తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. ఇనుప కవచాలు తొడిగిన సైనిక వాహనాలను వట్టి చేతులతో తిప్పడం కష్టం కాబట్టి వాటికి డేవిస్ పద్ధతి పెట్టారు. యుద్ధం అయిపోయాక 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో 'హైడ్రాగైడ్' పేరుతో పవర్ స్టీరింగ్ అమ్మింది. మామూలు జనం కొనుక్కోగలిగేలా బజారుకొచ్చిన మొదటి పవర్ స్టీరింగ్ కారు అదే. మామూలు జనం అన్నానుగానీ, ఇంపీరియల్ కొనేవాళ్లు మామూలోళ్లు కాదు! మరుసటి ఏడాది క్యాడిలాక్‌లోనూ వచ్చింది. అంటే లారీ డ్రైవరు కష్టం చూసి పుట్టిన వస్తువు షోరూములో ముందుగా దొరసాని చేతికి వెళ్లింది.

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి 1954 నుంచి లారీలు తయారుచేశారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు మన రోడ్ల మీద తిరిగిన లారీల్లో, ఎర్ర బస్సుల్లో ఎక్కువభాగం చేతి బలంతో తిప్పినవే. అందుకే ఆ స్టీరింగ్ అంత పెద్దగా ఉండేది. చక్రం పెద్దదైతే తిప్పడానికి బలం తక్కువ పడుతుంది. ఇరుకు సందులో బస్సు వెనక్కి తీసేటప్పుడు డ్రైవరు సీట్లోంచి సగం లేచి, ఒళ్లంతా వేసి తిప్పడం మన వయసు వాళ్లంతా చూసిందే.

ఇక మస్టాంగ్. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో బయటికొచ్చింది. పవర్ స్టీరింగ్ కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి. ఫోర్డ్ వాళ్లు ఆ సౌకర్యాన్ని స్టీరింగ్ బాక్సు లోపల పెట్టలేదు, బయట తగిలించారు. ఇంజిను బెల్టుతో తిరిగే పంపు ఒకటి. కింద రెండు చక్రాలనూ కలిపే సెంటర్ లింక్ మీద కంట్రోల్ వాల్వు ఒకటి. ఒక పక్క ఆ లింకుకి, ఇంకో పక్క ఛాసిస్‌కి బిగించిన సిలిండరు ఒకటి. మనం స్టీరింగ్ కదపగానే వాల్వు కొంచెం జరిగి, కావాల్సిన వైపుకి ఆయిల్ పంపిస్తుంది. ఆయిల్ సిలిండరుని తోస్తుంది, సిలిండరు లింకుని తోస్తుంది. వీటి మధ్య హోస్ పైపులు. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వు దగ్గర సీలు పోయి ఆయిల్ కారుతుంది. కారు పెట్టినచోటల్లా నేల మీద మరక.

తీసేయడం అంటే పంపు, పైపులు విప్పి పక్కన పడేయడం అనుకునేరు. సెంటర్ లింక్ మార్చాలి, ఎందుకంటే పాతదానికి వాల్వు కోసం వేరే చివర ఉంటుంది. పిట్‌మన్ ఆర్మ్ మార్చాలి, ఐడ్లర్ ఆర్మ్ మార్చాలి. ఆరు సిలిండర్ల బండి సామాను వీ8కి పట్టదు, కొనేముందే చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం స్టీరింగ్ బాక్సు. పవర్ ఉన్న బండికి 16:1 బాక్సు, లేనిదానికి 19:1 ఇచ్చేవాళ్లు. 19:1 అయితే చక్రం దాదాపు ఐదో వంతు ఎక్కువ తిప్పాలి, కానీ బలం తక్కువ పడుతుంది. పాత బాక్సే ఉంచేస్తే బండి చురుగ్గా తిరుగుతుందిగానీ పార్కింగులో భుజాలు పట్టేస్తాయి. చివర్లో అలైన్‌మెంట్. క్యాస్టర్ కోణం పెంచితే హైవే మీద బండి నిలకడగా పోతుంది, మలుపు దాటాక స్టీరింగ్ దానంతటదే తిన్నగా వస్తుంది. కానీ బరువెక్కుతుంది. ఆ రోజుల సన్న టైర్ల బదులు ఇప్పుడు వెడల్పు రేడియల్స్ వేయించుకుంటారు కాబట్టి ఆ బరువు ఇంకా పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. మీ సొంత కొరోలా, సన్నీ లాంటి వాటిలో ఇది మాత్రం చేయకండి. బెల్టు కోసేసినంత మాత్రాన అది మామూలు స్టీరింగ్ అయిపోదు. పవర్ ఉంటుందని లెక్కేసి చేసిన గేరు, లోపల సీళ్ల రాపిడి, అన్నీ కలిసి అసలు మామూలు స్టీరింగ్ కన్నా బరువుగా లాగుతాయి.

ఎందుకు పీకిస్తారని ఓనర్లను అడిగితే లీకేజీ ఒక కారణం చెప్తారు. రెండోది 'ఫీల్'. ఆ పాత పద్ధతి మరీ ఎక్కువ సాయం చేసి, రోడ్డు చేతికి తెలియకుండా చేస్తుందంటారు. అది నిజమే, నేనూ నడిపి చూశాను. పరుగు పందేల కోసం చేసిన 1965 షెల్బీ జీటీ 350కి పవర్ స్టీరింగ్ పెట్టనేలేదు. వాళ్లను వెక్కిరించను. కానీ శుక్రవారం పొద్దున్న గంటసేపు కోరి తిప్పే బరువు వేరు, రోజుకి పన్నెండు గంటలు పొట్టకోసం తిప్పిన బరువు వేరు. లారీ డ్రైవర్ని ఫీల్ కావాలా అని ఎవరూ అడగలేదు. ఇక్కడ ట్రైలర్లు, వాటర్ ట్యాంకర్లు నడిపే మన తమ్ముళ్లు ఒక్క చేత్తో బండి మళ్లిస్తుంటే, డేవిస్ వాల్తమ్‌లో చేసిన పనికి అసలు హక్కుదారులు వీళ్లే అనిపిస్తుంది నాకు.

విప్పిన పంపు, వాల్వు, సిలిండరు తుడిచి, అట్టపెట్టెలో పెట్టి ఓనరుకే ఇచ్చేస్తాం. అమ్మేటప్పుడు కంపెనీ సామాను ఉంటే ధర పలుకుతుంది. కొందరు నాలుగైదేళ్లకి అదే పెట్టె పట్టుకుని వస్తారు, భుజం నొప్పి, మళ్లీ బిగించమని.