పలక నుంచి ట్యాబ్ దాకా: బడిలో మన మాట చరిత్ర

గోదావరి జిల్లాల చదువు చరిత్ర రాసినవాళ్ళు సాధారణంగా రాజమండ్రి దగ్గర మొదలుపెడతారు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పెట్టిన బాలికల బడి, 1894లో రాజమండ్రిలో వచ్చిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, ఆ తర్వాత కాలవల వెంట ఊరూరా వెలసిన హైస్కూళ్ళు. ఆ చరిత్ర మనదీ అవును. కానీ అది నది దిగువకే నడిచింది. దేవీపట్నం దాటి, పాపికొండలు దాటి, రంపచోడవరం ఘాటు ఎక్కి పైకి రాలేదు. ఇప్పుడు బళ్ళలోకి ట్యాబులు, స్మార్టు టీవీలు, ఇంటర్నెట్టు పాఠాలు వచ్చాక, ఈ పరికరాల కథ కూడా దిగువ నుంచే రాస్తారేమోనని మా అనుమానం. అందుకే ఎగువ నుంచి ఒకసారి చూడాలనుకున్నాం.

నీళ్ళు పారిన చోటే బళ్ళు

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టాలో పంట పెరిగింది, శిస్తు పెరిగింది. కొద్ది ఏళ్ళకే సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ నరసాపురం వైపు రైతులను ఒప్పించి, శిస్తుతో పాటు చిన్న సెస్సు వసూలు చేసి ఊళ్ళలో బళ్ళు పెట్టించాడు. 1863లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి అలాంటి సెస్సుకు బలం ఇచ్చింది. నీళ్ళ వెంట పంట, పంట వెంట డబ్బు, డబ్బు వెంట బడి. డెల్టాలో చదువు ఈ వరుసలో పెరిగింది.

మన కొండల్లో ఆ వరుస లేదు. పోడుకు కాలవ నీళ్ళు రావు. పైగా 1882 మద్రాసు అడవి చట్టం పోడునే కట్టడి చేసింది. సర్కారు మన్యానికి ముందు పంపింది ముఠాదారు మీద అధికారిని, అడవి మీద గార్డును, పితూరీ మీద పోలీసును. 1879 రంప పితూరీ, 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెంట మన పెద్దలు నడిచిన పోరాటం ఆ పాలనకు వచ్చిన జవాబులు. బడి ఆ తర్వాతెప్పుడో, నెమ్మదిగా వచ్చింది.

మన మాటను కాగితం మీద పెట్టే పని మాత్రం కొంచెం ముందే మొదలైంది. 1860లలో గోదావరి పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ ఏర్పడింది. అక్కడ చాలా ఏళ్ళు ఉన్న జాన్ కెయిన్ కోయ మాటలు సేకరించి అచ్చు వేయించాడు. వాళ్ళు వచ్చింది మతం కోసం. అయినా, కోయవాళ్ళకు ఏదైనా చెప్పాలంటే ముందు కోయ నేర్చుకోవాలని వాళ్ళకు తెలిసింది. ఆ తర్వాత చాలాకాలం మన బళ్ళు నడిపినవాళ్ళకు ఈ చిన్న సంగతి తట్టలేదు.

1940లలో ఇంకో ప్రయత్నం జరిగింది. మన పాపికొండల కొండరెడ్ల మీద 1945లో పుస్తకం ప్రచురించిన హైమెండార్ఫ్, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండిలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు పంతులు గోండిలో చెప్పడం అక్కడ సాధ్యమైంది. అయితే అది నిజాం రాజ్యం. మన ఏజెన్సీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. నదికి అటూ ఇటూ ఒకే జనం ఉన్నా, సర్కార్లు రెండు.

ఏరు అంటే ఏమిటి?

భాష సంగతి తెలియనివాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాం. తెలుగు వాచకంలో 'ఏరు' అని ఉంటుంది, పక్కన వాగు బొమ్మ ఉంటుంది. కోయలో ఏరు అంటే నీళ్ళు. కుండలో ఉన్నా ఏరే, చేతిలో పట్టినా ఏరే. పిల్ల నీళ్ళనుకుంటుంది, పంతులు వాగంటాడు. పిల్ల తప్పు చెప్పిందని పంతులు అనుకుంటాడు. బడికి వచ్చిన మొదటి నెలలో ఇలాంటివి పది జరిగితే పిల్ల నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న పిల్లను మొద్దు అన్నారు, మానేసిన పిల్లను డ్రాపౌట్ అన్నారు. నిజానికి ఆ పిల్లకు రెండు భాషల్లో రెండు అర్థాలు తెలిసే అవకాశం ఉంది. ఆ మాట చెప్పేవాళ్ళే తరగతిలో లేరు.

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వాళ్ళ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో తల్లిభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటుంది. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, రంపచోడవరం, కోట రామచంద్రపురం ఐటీడీఏలు వచ్చాయి, అన్నం, బట్ట, పుస్తకం అందాయి. అవి చిన్న విషయాలు కావు. ఆ హాస్టళ్ళు లేకపోతే ఈ సంకలనంలో రాస్తున్న వాళ్ళలో చాలామందికి కలం పట్టడం వచ్చేది కాదు. కానీ ఆ బళ్ళలో మన మాట పడుకునే గదిలో ఉంది, తరగతి గదిలో లేదు.

2004లో మొదలైన రెండు దారులు

దూరం నుంచి పాఠం చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు అమెరికా ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు పంపి చూశారు. వాటిలో తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. తర్వాత మన ఉపగ్రహాలు వచ్చాయి. రేడియోలో 'విందాం నేర్చుకుందాం' వంటి పాఠాలు నడిచాయి. ఆట, పాట, ప్రశ్న కలిపి చెప్పే ఆ పాఠాలు పిల్లలకు నచ్చేవి. అవి కూడా తెలుగులోనే వచ్చేవి.

2004 సంవత్సరం మాకు ముఖ్యం. ఆ ఏడాది రెండు పనులు మొదలయ్యాయి. సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువు కోసమే తయారుచేసిన ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. ఒక గదిలో ఒక మంచి ఉపాధ్యాయుడు చెబితే వేల గదుల్లో పిల్లలు వినాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది భాషల్లో తల్లిభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. మొదట 240 బళ్ళు. తెలుగు లిపిలో వాచకాలు, మన ఊరి పేర్లు, మన చెట్లు, మన పండుగలు. ఒక ఊరి మాట ఆ ఊరి పిల్లకే చేరాలన్నది దీని ఆలోచన.

ఒకటి అందరికీ ఒకే గొంతు. రెండోది ఎవరి గొంతు వాళ్ళకు. రెండూ కలిసి నడవాల్సినవి. ఉపగ్రహానికి కోయ పాఠం మోయడం కష్టమేమీ కాదు, దానికి భాషతో పని లేదు. కానీ కలిపే మనిషి లేకపోయాడు.

మొదటి దారి వెడల్పయింది. హైస్కూళ్ళలో కంప్యూటర్లు, మన టీవీ, 2017 సెప్టెంబరు 5న దీక్ష వేదిక, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు, తర్వాత డిజిటల్ బోర్డులు. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ళ టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. రెండో దారి చిన్న తరగతుల అచ్చు పుస్తకాల దగ్గరే ఆగింది. ఆ పుస్తకాల్లోని కోయ కథలు ట్యాబులోకి ఎక్కలేదు.

2020 వసంతం

2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూతపడ్డాయి. పదో తరగతి వాళ్ళకు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యామృతం' పాఠాలు మొదలయ్యాయి, తర్వాత చిన్న తరగతులకూ టీవీ పాఠాలు వచ్చాయి. పిల్లలను హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు గుంపులుగా లెక్క కట్టారు. ఇంటర్నెట్టు ఉన్నవాళ్ళు మొదటి గుంపు, టీవీ, రేడియో ఉన్నవాళ్ళు రెండో గుంపు, ఏమీ లేనివాళ్ళు మూడో గుంపు. మన కొండ మీది గూడేలు ఏ గుంపో వేరే చెప్పక్కర్లేదు. సిగ్నలు కోసం గుట్ట ఎక్కిన పిల్లలు, నాన్న కూలికి పోతే ఫోను కూడా పోయిన ఇళ్ళు, ఒక్క ఫోను ముందు ముగ్గురు అన్నదమ్ములు. ఇవి మనందరికీ తెలిసినవే.

అదే వసంతంలో ఇంకొకటి జరిగింది. షెడ్యూల్డు ప్రాంతాల బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలన్న 2000 జనవరి 10 నాటి జీవో నెం. 3ను ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి. ముందు ముందు వచ్చే పోస్టులకు ఆ హామీ పోయింది. ఒకే కాలంలో పాఠం తెర మీదికి వెళ్ళింది, మన మాట తెలిసిన పంతులు తప్పక వస్తాడన్న భరోసా తెగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే, మన బళ్ళలో సాంకేతికత గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. తెర ఎంత బాగున్నా, 'ఏరు అంటే నీళ్ళు కూడా' అని చెప్పే మనిషి పక్కన ఉంటేనే అది మన పిల్లకు పనికొస్తుంది.

పరికరం ఎవరి చేతిలో?

మేము పరికరాలకు వ్యతిరేకులం కాము. పలక, బలపం కూడా ఒకప్పుడు బయటినుంచే వచ్చాయి. ట్యాబుల్లో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. పాఠాలు మెమరీ కార్డులో ఉంటాయి, సిగ్నలు లేకపోయినా తెరుచుకుంటాయి. మన్యానికి కావలసింది అదే. 2022 జులైలో కేంద్రం 4జీ లేని 24,680 ఊళ్ళకు టవర్లు వేసేందుకు 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. టవరు వచ్చేదాకా పిల్ల వయసు ఆగదు కాబట్టి, కార్డులో పెట్టుకునే పాఠమే ఇప్పటికి నమ్మకమైన దారి.

మరి ఆ కార్డులో ఏముండాలి? ఇక్కడ పక్క రాష్ట్రాల వాళ్ళ అనుభవం చూడాలి. సంతాలుల ఓల్ చికి లిపి 2008లో యూనికోడ్‌లో చేరింది, 2018లో సంతాలీ వికీపీడియా వచ్చింది. గోండి లిపులు రెండు 2017, 2018లలో యూనికోడ్‌లో చేరాయి. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర, మామూలు ఫోను నుంచి గోండిలో మాట్లాడి వార్త చెప్పే వీలు కల్పించింది. దానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ తెచ్చిన 'ఆది వాణి' అనువాద యాప్ సంతాలీ, భీలీ, ముండారీ, గోండిలతో మొదలైంది. ఆ వరుసలో కోయ లేదు, కొండ లేదు, కువి లేదు. 2011 జనాభా లెక్కల్లో 4 లక్షల మందికి పైగా తల్లిభాష కోయ అని చెప్పారు. అంతమంది మాట్లాడే భాషకు యంత్రంలో చోటు దొరకకపోవడానికి కారణం తేలికే. యంత్రం నేర్చుకోవాలంటే రాసిన మాట, రికార్డు చేసిన మాట కుప్పలుగా కావాలి. మన దగ్గర మాట నోట్లో ఉంది, కుప్పగా లేదు. పైగా తెలుగు కీబోర్డులో కోయ రాస్తే ఫోను దాన్ని తప్పు తెలుగు అనుకుని దిద్దేస్తుంది. వాచకంలో పంతులు చేసిన పనే ఇప్పుడు ఫోను చేస్తోంది.

అందుకే ఈ పని మనం మొదలుపెట్టాలి. మన భాషల్లో వ్యాకరణాలు లేకపోలేదు. గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాట మీద స్టీఫెన్ టైలర్ 1969లోనే పుస్తకం వేశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సత్తుపాటి ప్రసన్నశ్రీ ఆదివాసీ భాషలకు లిపులు రూపొందించారు. లిపి ఏది కావాలో జనం తేల్చుకునేలోగా గొంతు రికార్డు చేయడానికి అడ్డేమీ లేదు. ప్రతి బడిలో ఒక టీచరు ఫోను, ఒక అవ్వ, ఒక కథ. మొదటి తరగతికి మొదటి పాఠం అదే కావచ్చు. ఆ కథ విన్న పిల్లలు తెలుగులో తిరిగి చెబుతారు, పై తరగతి పిల్లలు రాస్తారు, బొమ్మలు వేస్తారు. స్టోరీవీవర్ లాంటి వేదికల్లో బొమ్మల పుస్తకాలను ఎవరి భాషలో వాళ్ళు రాసి ఉచితంగా పెట్టవచ్చు, అచ్చూ వేసుకోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. అన్నీ బయట పెట్టేవి కావు. వేరు మందుల సంగతులు, వేల్పు పాటలు, భూమి పండుం రోజు మాత్రమే పాడేవి ఊరిని అడగకుండా ఎక్కించకూడదు. ఏది పిల్లలకు, ఏది లోకానికి, ఏది ఊరికే అన్నది గ్రామసభ తేల్చాలి. అడవి పోయిన దారినే మాట పోకూడదు.

ఈ పనికి గడువు కూడా ఉంది. పోలవరం ముంపులో దేవీపట్నం మండలపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం కాలనీలకు వెళ్ళారు. అక్కడ బడి ఉంది, రోడ్డు ఉంది, సిగ్నలు కూడా ఉంది. లేనిది వాగు. ఆ వాగు పేరు, ఆ గుట్ట పేరు, ఆ చింతచెట్టు కింద చెప్పుకున్న కథ ఇప్పుడు అరవై దాటిన వాళ్ళ నోట్లోనే ఉన్నాయి. కాలనీలో పుట్టిన పిల్లకు అవి వినిపించగలిగేది ఆ ఫోనే. వచ్చే బడి తెరిచే రోజులోపు ప్రతి ఆదివాసీ ఉపాధ్యాయుడూ తన ఊరి పెద్దల దగ్గర ఒక్క గంట రికార్డు చేస్తే, మన కార్డులో మొదటి పాఠాలు సిద్ధమవుతాయి. ట్యాబు ఇచ్చేది సర్కారు. అందులో మన మాట పెట్టవలసింది మనం.