చంపావత్ తహసీల్దారుగారి తుపాకీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. రాజుల సంగతులు రాయడానికి పండితులున్నారు. నేను ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో నాలుగేళ్లు, 1978 నుంచి 1982 వరకు, ఒక కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సుల సీటు చూశాను. కనుక నాకు తెలిసిన తుపాకుల గొడవే రాస్తాను. మిత్రులు మన్నించాలి.

జిమ్ కార్బెట్ రాసిన 'మ్యానీటర్స్ ఆఫ్ కుమావూన్' 1944లో వచ్చింది. అందులో మొదటి కథ చంపావత్ ఆడపులిది. అందరూ దాన్ని పులి కోసం చదువుతారు. నేను మాత్రం అందులోని తహసీల్దారు కోసం రెండుమూడు సార్లు చదివాను.

ఆ పులి ముందు నేపాల్లో 200 మందిని చంపి, అక్కడి నుంచి తరిమివేయబడి మన వైపు కుమావూన్ కొండల్లోకి వచ్చింది. నాలుగేళ్లలో ఇక్కడ మరో 234 మంది. చివరికి లెక్క 436కు చేరింది. ప్రభుత్వం పంపిన వేటగాళ్ల వల్ల కాలేదు. 1907లో కార్బెట్‌ను పంపారు. ఆయన వచ్చాక చంపావత్ దగ్గర ఒక యువతిని పులి ఎత్తుకుపోయింది. దాని జాడ ఒక లోయ దాకా దొరికింది. లోయ అంచున కొండమీద మనుషులను నిలబెట్టి, కేకలతో పులిని కిందికి తోలాలి. అంతమందిని ఒక్క రోజులో పోగుచేసే పని తహసీల్దారుమీద పడింది.

ఆయన చేసినదేమిటో వినండి. లైసెన్సు లేని తుపాకులున్నా సర్కారు చూసీచూడనట్టు పోతుందని ఊళ్లలో చెప్పించాడు. మందుగుండు లేనివాళ్లకు తానే ఇస్తానన్నాడు! 1878 ఆయుధాల చట్టం అమలులో ఉన్న రోజులవి. మా సెక్షన్లో ఎవరైనా ఆ మాట నోట్‌ఫైల్లో రాసి ఉంటే సాయంత్రానికి మెమో చేతికొచ్చేది. కాని మర్నాడు మధ్యాహ్నానికి 298 మంది వచ్చి నిలబడ్డారు. వాళ్లు పట్టుకొచ్చిన ఆయుధాలతో ఒక మ్యూజియమే పెట్టవచ్చట.

కార్బెట్, తహసీల్దారు లోయకు ఎదుటి వైపు వెళ్లి కూర్చోవాలి. సైగ చేశాక కొండమీది వాళ్లు అరుపులు మొదలుపెట్టాలి. అదీ ఏర్పాటు. అయితే తహసీల్దారుగారు మెరుగు తోలు బూట్లు వేసుకొచ్చారు. దారిలో కాళ్లు బొబ్బలెక్కి, ఇక నడవలేనని బూట్లు విప్పడానికి కూలబడ్డారు. సైగ చేయడం మరిచిపోయారనుకుని కొండమీది వాళ్లు ముందే తుపాకులు పేల్చి రాళ్లు దొర్లించారు. జమాబందీ క్యాంపుల్లో పై అధికారుల వెనక కొండలెక్కిన మనవాళ్లకు ఆ బూట్ల బాధ వేరే చెప్పనక్కరలేదు.

కార్బెట్ చేతిలో ఉన్నది 500 బోరు జోడు గొట్టాల రైఫిలు. తూటాలు మూడే తెచ్చుకున్నారు: రెండు కాల్చడానికి, ఒకటి ఆపదకు. మూడూ అయిపోయాయి. పులికి దెబ్బలు తగిలాయి గాని చావలేదు. తహసీల్దారును కేకవేస్తూ పైకి పరుగెత్తి ఆయన తుపాకీ లాక్కుని వచ్చారు. ఇరవై అడుగుల దూరంలో దాన్ని ఎత్తి చూస్తే, గొట్టాలకూ బ్రీచికీ మధ్య అంగుళంలో మూడు ఎనిమిదో వంతు సందు!

ఆ సందు అంటే ఏమిటో నాకు తెలుసు. లైసెన్సు రెన్యూవలుకు తుపాకీ తెచ్చి నంబరు చూపించాలని నిబంధన. ఒక పెద్దాయన పందుల కాపలాకని ఉంచుకున్న 12 బోరు తుపాకీ పట్టుకొచ్చాడు. నంబరు సరిపోయింది. గొట్టం కీలు దగ్గర రాగితీగ చుట్టి ఉంది. మూసినా బిగుసుకోవడం లేదు. పక్కనే ఉన్న పోలీసు ఆర్మరర్ అది చూసి, "పెద్దయ్యా, ఇది పేలిస్తే మందు పందివైపు కాదు, నీ కంటివైపు వస్తుంది" అన్నాడు. మందు అంటుకున్నప్పుడు పుట్టే గాలి ముందుకు దారి ఉన్నంతసేపు గుండును తోస్తుంది. వెనక సందు దొరికితే వెనక్కే తంతుంది. పెద్దాయన నవ్వి, "మా నాయనప్పటి నుంచీ ఇట్లాగే పేలుతోంది బాబూ" అన్నాడు. నేను నంబరు సరిపోయిందని సంతకానికి పెట్టేశాను. తుపాకీ స్థితి చూడడం నా పని కాదనుకున్నాను. ఆ తర్వాత ఆయన మళ్లీ రెన్యూవలుకు రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోనూ లేదు.

కార్బెట్‌కూ కళ్లు పోయే భయం ఉంది. అయినా పులి తెరిచిన నోటికి గురిపెట్టి కాల్చారు. గుండు నోటికి తగలలేదు, ముందరి కుడి పంజాకు తగిలింది. తర్వాత దాన్ని ఆయన గోళ్లతో పెకిలించి తీశారు. అంటే తోలు దాటి లోపలికి పోనేలేదన్నమాట. సందులోంచి బలం సగం పారిపోతే సీసపు గుండు ఏం చేస్తుంది? అప్పటికే కొనప్రాణంతో ఉన్న పులి ఆ చిన్న తాకిడికి ముందుకు ఒరిగింది.

అసలు విషయం తర్వాత బయటపడింది. పులి నోట్లో కుడివైపు కోరలు, పైదీ కిందదీ, విరిగి ఉన్నాయి. కిందది ఎముక దాకా పోయింది. పాత తుపాకీ దెబ్బ అది. తన సహజమైన ఆహారాన్ని చంపలేకనే అది మనుషులమీద పడిందని ఆయన తేల్చారు. పదింట తొమ్మిది పులులు గాయాల వల్లనే నరభక్షకులవుతాయని పుస్తకం ముందుమాటలోనే రాశారు. ఆ గాయాల్లో ముళ్లపంది ముళ్లవీ ఉంటాయి గాని, గురితప్పిన గుండ్లవి తక్కువేమీ కాదు.

12 బోరు అంటే ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కొక్కటి పట్టేంత గొట్టం. అందులో చిన్న గుళ్లు వేస్తే కౌజులకు పనికొస్తాయి, పులికి తగిలితే చర్మం కిందే ఉండిపోయి చీము పడతాయి. ఎముక విరిచే బరువు, లోపలికి పోయే వేగం రెండూ ఉంటేనే పెద్ద జంతువు అక్కడే పడుతుంది. దొరలు మంచెలమీద కూర్చుని తప్పు తూటాతో కాల్చి, గాయపడిన దాన్ని వదిలేసి బండెక్కి వెళ్లిపోయేవారు. మర్నాడు కట్టెలకు అడవిలోకి పోయేది ఊరివాళ్లే. మన అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల లోయల నరభక్షకుల సంగతులు కెనెత్ ఆండర్సన్ పుస్తకాల్లో ఉన్నాయి, చూడండి.

స్వాతంత్ర్యం తర్వాత కూడా డబ్బిచ్చే విదేశీయులను వెంటబెట్టుకుపోయి పులులను కాల్పించే కంపెనీలు నడిచాయి. 1970లో పులి వేట నిషేధించారు. 1972లో వన్యప్రాణి చట్టం, 1973లో పులుల సంరక్షణ పథకం వచ్చాయి. 1991 సవరణతో మిగిలిన వేటా పోయింది. మా సీటుకు 'వేట నిమిత్తం' అని రాసిన పాత లైసెన్సులు వస్తే, ఆ గడిలో ఏం రాయాలో తెలియక ప్రతిసారీ సూపరింటెండెంటుగారి దగ్గరికి పరుగెత్తేవాణ్ణి.

చంపావత్ పులి చచ్చినందుకు లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జె.పి. హ్యూయెట్ కార్బెట్‌కు రిగ్బీ కంపెనీ వారి 275 బోరు రైఫిలు బహూకరించారు. వెండి పలకమీద ఆ సంగతి చెక్కి ఉంది. 2015లో ఆ రైఫిలు తిరిగి ఆ కంపెనీ చేతికే చేరింది. నైనితాల్ దర్బారులో తహసీల్దారుగారికి కూడా ఒక తుపాకీ ఇచ్చారు. ఆయన పేరు మాత్రం కార్బెట్ రాయలేదు. కథ పొడుగునా ఆయన ఉత్త తహసీల్దారే. ఆ కొత్త తుపాకీకి బ్రీచి దగ్గర సందు లేకుండా చూసే ఇచ్చి ఉంటారనుకుంటాను.