కుదుపుకు ఆగే బండి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మధ్యాహ్నం మూడైనా రేకుల షెడ్డు కింద వేడి తగ్గలేదు. పాత లారీ ఇంజన్ మూత ఎత్తి ఉంది. మేస్త్రి పక్కన మీరూ వంగి చూస్తున్నారు.

‘ఇబ్రహీంపట్నంలో బూడిద ఎత్తుకొస్తున్నా బాబాయ్. గేర్లో ఉంటే జర్కు కొట్టి మళ్లీ అందుకుంటోంది. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు కుదుపు తగిలితే మాత్రం అక్కడే ఆగిపోతోంది. ఫిల్టర్లు మార్చాం, ఎయిర్ తీశాం’ అంటున్నాడు డ్రైవరు.

‘గునిసి ఆగుతోందా, తాళం తీసినట్టు ఆగుతోందా?’

‘తాళం తీసినట్టే. మీటర్ బోర్డు లైట్లు కూడా పోయి వస్తున్నాయి.’

డీజిల్ అందని ఇంజన్ ఇలా చావదు. ముందు లాగుడు తగ్గుతుంది, ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ గునుస్తుంది. ఈ బండికి కంప్యూటర్ లేదు, పంపు మెకానికల్‌ది. తిరుగుతున్న ఇంజన్‌కి కరెంటుతో ఒక్కటే పని: డీజిల్ ఆపే సొలినాయిడ్‌ని పట్టి ఉంచడం. అక్కడ కరెంటు తెగితే ఇంజన్ ఆగుతుంది.

సెల్ఫ్ కొడితే గట్టిగానే తిరిగింది. అంటే బాటరీలూ లావు కేబుళ్లూ బాగున్నట్టే. మేస్త్రి కుర్రాడు మీటరు తెచ్చి ఫ్యూజు బాక్సు దగ్గర పెట్టాడు. 25 వోల్టులు. ‘కరెంటు ఫుల్లుగా వస్తోంది కదా!’ అన్నాడు.

‘హెడ్‌లైట్లు వెయ్యరా.’

వేయగానే అంకె 14కి జారింది. మీ గుండె ఒక్కసారి వేగంగా కొట్టుకుంది. మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. తీగలో ఒక్క పోగు మిగిలినా నిండు వోల్టేజీ చూపిస్తుంది. లోడు పడితేనే తీగ సత్తా తెలిసేది. అందుకే టెస్ట్ లాంపుని నమ్మే పాత మేస్త్రులంటే నాకు గౌరవం: ఆ బల్బే ఒక లోడు.

మేస్త్రి, మీరు లాంపు పట్టుకుని కిందికి దూరారు. సెల్ఫ్ మోటార్ బోల్టు మీద బల్బు తెల్లగా వెలిగింది. అక్కడినుంచి క్యాబిన్‌కి వెళ్లే తీగకి, జానెడు దూరంలో ఇన్సులేషన్‌లో సూది గుచ్చి చూస్తే ఎర్రగా మినుకుమంది. తీగ కదిపితే ఆరింది. టేపు విప్పితే లగ్గు లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోవడంతో తీగ అంతా అక్కడే ఊగింది.

బాటరీ టెర్మినల్ ఊడదీశాకే మేస్త్రి పాత లగ్గు కోశాడు. మెరిసే రాగి వచ్చేదాకా తీగ చెక్కి, కొత్త లగ్గు నొక్కి, స్లీవు ఎక్కించి, తీగని ఛాసిస్‌కి క్లిప్పుతో బిగించాడు. టెర్మినల్ మళ్లీ బిగించి హెడ్‌లైట్లు వేస్తే అంకె పెద్దగా కదల్లేదు.

డ్రైవరు తాళం అందుకోబోతుంటే మేస్త్రి ఆపి, సొలినాయిడ్ తీగ నుంచి చిన్న బల్బు ఒకటి క్యాబిన్‌లోకి లాగి స్టీరింగు పక్కన కట్టాడు.

‘మళ్లీ ఆగితే దీన్ని చూడరా. ఇది ఆరితే నా దగ్గరికి రా. వెలుగుతుండగా ఇంజన్ ఆగితే పంపు మేస్త్రి దగ్గరికి పో.’