సరిహద్దుకు ఇవతల తయారైన తాళం

మన మహాసభలకు వచ్చేవారిలో కంప్యూటరు పనితో బతికేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టనక్కర్లేదు, పెళ్ళిసంబంధాల బయోడేటాలు తిరగేస్తే చాలు. వారిలో కొందరైనా సర్వర్లకు ‘ఐపీసెక్’ పాలసీలు రాసే ఉంటారు. ఇటు నుంచి అటు పోయే ప్యాకెట్టుకు తాళం వేసి పంపు, దీన్ని మామూలుగా పోనివ్వు, దాన్ని పారెయ్యి. పాలసీ అంటే ఈ మూడు మాటలే. యంత్రం పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన వాక్యాన్ని అమలు చేస్తుంది. ‘అన్నిటినీ పోనివ్వు’ అన్న వాక్యం పైన కూర్చుంటే కింద ఎన్ని తాళాలు రాసినా దండగే.

ఇంత పొడిగా కనిపించే ఈ పని వెనుక ఒక సరిహద్దు కథ ఉంది. అమెరికాలో కొందరం, కెనడాలో కొందరం స్థిరపడిన మనం వినదగ్గ కథ.

ఇంటర్నెట్ ప్యాకెట్టు పోస్టుకార్డులాంటిది. దారిలో ఎవరైనా చదవచ్చు. దాన్ని కవరులో పెట్టి సీలు వేసే పద్ధతిని 1995 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 1825 మొదలుగా కొన్ని పత్రాలు నిర్దేశించాయి. 1998 నవంబరులో 2401 వగైరాలతో అది మరింత గట్టిపడింది. అయితే కాగితం మీద పద్ధతి ఉంటే చాలదు, ఎవరో ఒకరు కోడు రాయాలి కదా!

చిక్కు అక్కడే వచ్చింది. ఆ రోజుల్లో బలమైన గుప్తలిపి అమెరికా చట్టం దృష్టిలో తుపాకులు, ఫిరంగుల సరసన ఉండేది. పీజీపీ రాసిన ఫిల్ జిమ్మర్‌మన్ మీద 1993 నుంచి 1996 దాకా విచారణ నడిచింది. సన్ మైక్రోసిస్టమ్స్ తొలి ఉద్యోగుల్లో ఒకరైన జాన్ గిల్మోర్ 1996లో ఒక సంకల్పం చెప్పుకున్నారు: ఇంటర్నెట్ రద్దీలో 5 శాతాన్ని ఆ ఏడాదిలోనే దొంగచెవులకు అందకుండా చేయాలని. అందుకు లైనక్స్ కోసం పుట్టింది ‘ఫ్రీస్వాన్’. డబ్బు పెట్టింది కాలిఫోర్నియా మనిషి, కోడులో ముఖ్యభాగం రాసింది టొరాంటో, ఒట్టావాల వాళ్ళు. నేనుండే గ్వెల్ఫ్ నుంచి 401 ఎక్కితే గంటకు అటూ ఇటూగా టొరాంటో. అక్కడి హెన్రీ స్పెన్సర్, హ్యూ రెడెల్‌మయర్, ఒట్టావాలో రిచర్డ్ గై బ్రిగ్స్ ఈ పనిలో ముఖ్యులు. స్పెన్సర్ అంతకుముందు టొరాంటో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో కంప్యూటర్లు చూసుకున్నాయన! తయారైన కోడును ఉంచింది నెదర్లాండ్స్‌లోని సర్వరులో.

అందరికీ ఉచితంగా పంచే సాఫ్ట్‌వేరును బయటికి పంపడానికి కెనడా అడ్డుచెప్పలేదు. అమెరికాలో పుట్టిన సరుకు కలిస్తే మాత్రం అమెరికా షరతులే వర్తించేవి. అందుకని ఫ్రీస్వాన్ వాళ్ళు మడి కట్టుకున్నట్టు ఒక నియమం పెట్టుకున్నారు: అమెరికా పౌరుల నుంచి, అక్కడి నివాసుల నుంచి ఒక్క లైను సవరణ కూడా తీసుకోరాదు. వై2కె హడావుడిలో న్యూజెర్సీలో దిగిన మనవాడు సెమికోలన్ సరిచేసి పంపినా చెల్లదు. వాడి పెదనాన్నగారబ్బాయి బ్రాంప్టన్‌లో కూర్చుని అదే సెమికోలన్ పెడితే చెల్లుతుంది. 2000 జనవరిలో అమెరికా షరతులు సడలించినా, మళ్ళీ బిగించరన్న భరోసా ఏముందని వీళ్ళు నియమం వదల్లేదు. నాకది చాదస్తంగా తోచదు.

కెనడా ప్రభుత్వం కూడా 1998 అక్టోబరులో, మంత్రి జాన్ మ్యాన్లీ నోట, ఎంత బలమైన గుప్తలిపినైనా పౌరులు తయారుచేసుకోవచ్చు, వాడుకోవచ్చు అని ప్రకటించింది. మా ఊరికి పడమటి దిక్కున, హైవే 7 మీద అరగంట దూరంలో ఉన్న వాటర్‌లూలో స్కాట్ వాన్‌స్టోన్ ప్రభృతులు 1985లోనే సర్టికామ్ సంస్థ పెట్టి దీర్ఘవృత్త వక్రాల గణితాన్ని తాళాలుగా మలిచారు. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

గిల్మోర్ 5 శాతం కల నెరవేరలేదు. ముక్కూ మొహం తెలియని యంత్రాలు వాటంతటవే తాళాలు మార్చుకోవాలన్నది ఆయన ఆశ. అందుకు ప్రతివారూ తమ తాళంచెవుల వివరం డీఎన్ఎస్‌లో రాసుకోవాలి, అంత ఓపిక ఎవరికుంది? 2004లో ఫ్రీస్వాన్ ముగిసింది. దాని వారసులు ఓపెన్‌స్వాన్, స్ట్రాంగ్‌స్వాన్, 2012 నుంచి లిబ్రెస్వాన్ కంపెనీల్లో స్థిరపడ్డాయి.

కంపెనీల్లో మరో తిరకాసు ఎదురైంది. తాళానికి అటొక యంత్రం, ఇటొక యంత్రం అన్న లెక్కతో పద్ధతి రాశారు. క్లస్టరులో ఒకే చిరునామా వెనుక నాలుగైదు సర్వర్లుంటాయి, ఒకటి కూలితే మరొకటి అందుకుంటుంది. తిరుమల దర్శనం టోకెన్లు అనుకోండి. ప్రతి ప్యాకెట్టుకూ ఒక వరస సంఖ్య ఉంటుంది. వాడేసిన సంఖ్య మళ్ళీ వస్తే దొంగ టోకెనని గేటు దగ్గరే ఆపేస్తారు. పాత కౌంటరు మూతపడి, ఎంతవరకు ఇచ్చారో తెలియని కొత్త కౌంటరు వెనకటి సంఖ్యల నుంచి మొదలుపెడితే? తాళంచెవి సరైనదే, భక్తుడూ నిజమైనవాడే, అయినా లోపలికి రానివ్వరు.

ఈ చిక్కుల్ని 2010 అక్టోబరులో ఆర్.ఎఫ్.సి. 6027 ఏకరువు పెట్టింది. 2011 జూలైలో వచ్చిన 6311 మార్గం చూపింది: కొత్త సర్వరు అవతలి వైపుతో ముందుగా ఒక మాట మాట్లాడుకుని, సంఖ్యల్ని రెండువైపులా బాగా ముందుకు జరుపుకోవాలి. ఆ పత్రం రచయితలు ఐదుగురిలో బెంగుళూరు సిస్కో నుంచి జి. కల్యాణి అన్న పేరుంది. పేరు కనబడగానే ఏ జిల్లా అని ఆరా తీయడం మన అలవాటు, ఈసారికి నేను తీయలేదు.

కాబట్టి క్లస్టరుకు పాలసీ రాసేటప్పుడు రెండువైపుల పరికరాలకూ 6311 తెలుసో లేదో ముందుగా కనుక్కోవాలి. తెలియకపోతే సర్వరు మారినప్పుడల్లా ప్రతి తాళాన్నీ మొదటి నుంచి మాట్లాడుకోవలసిందే. వేలకొద్దీ బ్రాంచీలున్న బ్యాంకులో ఆ పని అయ్యేలోగా ఫోన్లు మోగడం మొదలవుతాయి.